బోరు వద్దని స్ట్రోకు పెంచిన ఏడు

నిరుడు కంది కోతలు అయిపోయి చేలు ఖాళీ అయిన రోజుల్లో మా ఇంట్లో ఒకటే గొడవ: ఇంజనుకు బోరు పెంచాలా, స్ట్రోకు పెంచాలా అని.

మా ఆయనది వికారాబాద్‌లో బైకుల మెకానిక్ షాపు. బండి పైపనులన్నీ ఆయన చూస్తాడు, ఇంజను విప్పే పని నాది. ఆ పని నేను నేర్చుకున్నది తాండూరులో, మా నాయిన లేత్ షాపులో. పెళ్లయిన కొత్తలో, నేను వడ్డిస్తుంటే అన్నం కూడా ఆయిల్ వాసన వస్తుందని మా అత్త సణిగేది. ఇప్పుడు ఎవరి బండి ఆగిపోయినా "మా కోడలికి చూపియ్యి" అని ఆమే పంపిస్తుంది.

ఆ గొడవకు కారణం బైకుల పోటీ. తాండూరు దాటాక, పెద్దేముల్ వైపు, కోసేసిన కంది చేలలో కొందరు కుర్రాళ్లు పోటీ పెడుతున్నారని తెలిసింది. బండి చిన్నదై ఉండాలి, ఇంజను మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. మా ఆయన పెళ్లికి ముందు ఇలాంటి వాటిలో తెగ తిరిగేవాడట. నడుము నొప్పి మొదలయ్యేలోపు ఇంకొక్కసారి నడపాలని ఆయన ఆశ. పాలు పోసే ఒకాయన వాడి వాడి వదిలేసిన బండి ఒకటి మా షాపు వెనక పడి ఉంది. దాన్నే బయటికి లాగాం.

చిన్న ఇంజనుకు బలం రావాలంటే లోపల గాలి, పెట్రోలు పట్టే జాగా పెరగాలి. దానికి రెండు దారులు. పిస్టన్ ఆడే గొట్టాన్ని వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేయడం ఒకటి, అది బోరు పెంచడం. గొట్టాన్ని అలాగే ఉంచి, పిస్టన్ ఇంకాస్త పైకి ఎక్కి ఇంకాస్త కిందికి దిగేలా లోపలి క్రాంకును మార్చడం రెండోది, అది స్ట్రోకు పెంచడం. వెడల్పు చేసిన ఇంజను పెద్ద వాల్వులతో బాగా ఊపిరి పీల్చి, గిర్రున తిరిగి, పరుగులో బలం చూపిస్తుంది. స్ట్రోకు పెంచిన ఇంజను అంత వేగంగా తిరగలేదు కానీ, ఆగిన చోటు నుంచి లేవడంలో దాని బలం తెలుస్తుంది.

మా ఆయన బోరు అన్నాడు.

"హైదరాబాద్ పోయి పెద్ద పిస్టన్ తెచ్చుకుంటం, సిలిండర్ కోపిచ్చుకుంటం, అయిపాయె. క్రాంక్ ముట్టే పనే లేదు. క్రాంక్ విప్పినమంటే బండి కడుపు కోసినట్టే."

"సిలిండర్ గోడ ఎంత పల్చగయితదో తెలుసా? నాలుగు రౌండ్లు కొట్టంగనే కాగిపోతది."

"కాగినప్పుడు చూద్దాం తీ."

మేము వాకిట్లో బోరు, బోరు అని అరుచుకుంటుంటే పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసి, "ఎన్ని ఫీట్లు ఏపిస్తుండ్రు? నీళ్లు పడ్తయంటనా?" అని అడిగింది. నవ్వుకున్నాం కానీ గొడవ తెగలేదు. చివరికి మా ఆయనే, తన పక్షం మాట్లాడతాడనుకున్నాడో ఏమో, మా నాయినకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అల్లుడా, పోటీ డాంబర్ రోడ్డు మీదనా, చేన్లనా?" అని అడిగాడు నాయిన.

"చేన్లనే మామా."

"మరి చేన్ల ఉరుకుడు ఏడిది? మలుపు మీద మలుపు. మలుపుకొక్కసారి బండి సల్లవడుతది, మళ్ల లేవాలె. లేపేది స్ట్రోకు. క్రాంక్ నా తానికి పంపు, నేను చేసిస్త."

మా ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. ఇక నిర్ణయం నా మీద పడింది.

నేను బస్సెక్కి వెళ్లి ఆ చేను చూశాను. కోసిన కంది మొదళ్లు గుచ్చుకుంటుంటే ఒక చుట్టు నడిచాను. మట్టి వదులుగా ఉంది. మలుపులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒక పక్క గట్టు వెంట మాత్రం సాపుగా, పొడుగ్గా ఉంది, అక్కడ బోరు పెంచిన బండిదే రాజ్యం. మిగతా అంతా స్ట్రోకుకే బాగుంటుందనిపించింది. ఇంటికొచ్చి అదే చెప్పాను.

"నువ్వు చేను చూసి చెప్తున్నవా, మీ నాయిన మొకం చూసి చెప్తున్నవా?" అన్నాడు మా ఆయన.

"చేను చూసే."

అబద్ధం కాదు. అయితే బోరు పెంచితే ఈ బండిలో నాయిన చెయ్యి పడే పని ఒక్కటీ ఉండదని కూడా నాకు తెలుసు. ఈ మధ్య ఆయన షాపుకు పని తగ్గింది. కొడంగల్ నుంచి, కర్ణాటక వైపు పల్లెల నుంచి, క్రాంకులు, షాఫ్టులు పట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఒకప్పుడు. వంగిన ఇనుము ఆయన కొడితే నిటారుగా నిలుస్తుందని పేరు. ఇప్పుడు జనం కొత్తదే కొనేస్తున్నారు. అల్లుడి బండికి క్రాంక్ చేయడం ఆయనకు పండగలా ఉంటుందని నాకు అనిపించిన మాట నిజం.

చివరికి మా ఆయన సరేనన్నాడు. క్రాంకును పాత తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకుని తాండూరు వెళ్లే పొద్దుటి ప్యాసింజర్ రైలు ఎక్కాను. ధారూర్‌లో ఎక్కిన ఒకామె పక్కన కూర్చుని, నా ఒళ్లో సంచి బరువు చూసి గుమ్మడికాయా అని అడిగింది. ఔనన్నాను.

బైకు క్రాంక్ అంటే రెండు ఇనుప చక్రాలు, వాటి మధ్య ఒక పిన్ను. చక్రాల్లో ఆ పిన్ను ఉండే రంధ్రాన్ని కొంచెం బయటికి జరిపితే స్ట్రోకు పెరుగుతుంది. పాత రంధ్రాలు మూసి కొత్తవి వేసే పని నాయిన, నేను కలిసి చేశాం. కొలతలన్నీ నాతోనే చదివించాడు. "అద్దాలు ఇంట్ల మరిసిన, నువ్వు జెప్పు" అన్నాడు. చిన్నప్పుడు కూడా నాతో అలాగే చదివించేవాడు కాబట్టి నాకేమీ అనిపించలేదు.

చక్రాలను, పిన్నును ప్రెస్సులో పెట్టి బిగించాక అసలు పని మొదలవుతుంది. క్రాంకును లేత్ మీద రెండు మొనల మధ్య నిలబెట్టి, దానికి డయల్ ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాలి. క్రాంక్ వంకరగా ఉంటే డయల్ ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. కొట్టుకున్న చోటు గుర్తుపట్టి రాగి సుత్తితో ఒక దెబ్బ వేయాలి, మళ్లీ తిప్పి చూడాలి. ముల్లు నిలబడేదాకా అంతే. ముల్లు నిలబడని క్రాంకును బండిలో వేస్తే ఆ ఇంజను తనను తానే పగలగొట్టుకుంటుంది, పరుగులో ఉండగా బిగుసుకుపోతే పైనున్న మనిషి ఎగిరి పడతాడు.

ఆ రోజు షాపులో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. ఒకరు బండల పాలిష్ యూనిట్ సేటు, రెండో ఆయన సరిహద్దు అవతల నుంచి వచ్చే ముసలి కన్నడ రైతు. నాయిన క్రాంక్ కొడుతుంటే చూడటం తాండూరులో ఒక వేడుక లాంటిది. ఇద్దరూ స్టూళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నాయినకు హుషారొచ్చింది. తిప్పాడు, కొట్టాడు, తిప్పాడు, కొట్టాడు. తర్వాత సుత్తి దించి అందరి వైపూ తిరిగాడు.

"అగో, ముల్లు నిలవడ్డది. సూడుండ్రి."

ముల్లు కొట్టుకుంటూనే ఉంది.

"లేదు నాయినా, ఇంకా ఆడుతుంది" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. ఆ షాపులో చిన్నప్పటి నుంచీ అనే మాటే.

"ఏడ?" అని ఆయన వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు డయల్ అద్దానికి తగిలేంత దగ్గరికి వెళ్లి, ముల్లు ఉన్న వైపు కాకుండా పక్కకు చూస్తూ, "ఏడ బిడ్డా? నిలవడ్డది గద" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నాతో పాటే సేటుకూ, ఆ ముసలాయనకూ అర్థమైంది. సేటు గబుక్కున తన ఫోన్‌లోకి తల దించుకున్నాడు. ముసలాయన "ఇర్లి బిడి" అన్నాడు మెల్లగా, పోనీ వదిలేయండి అన్నట్టు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు.

నా చెవులు సిగ్గుతో కాలిపోయాయి. చిన్నప్పుడు స్కూల్లో అందరి ముందూ దెబ్బలు తిన్నప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు. కరెంటు పోయి షాపంతా చీకటైతే బాగుండుననిపించింది.

నాయిన నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. సుత్తి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు కొట్టు."

"నువ్వే కొట్టు నాయినా, నేను ముల్లు చూసి చెప్త."

"కొట్టు అంటున్న గద."

నేను తిప్పి కొట్టాను. ఆయన నా వెనక నిలబడ్డాడు. రాగి దెబ్బ మెత్తగా పడుతుంది, పెద్ద చప్పుడు చేయదు, కానీ ఆ రోజు ఒక్కో దెబ్బా వీధి చివరిదాకా వినపడుతున్నట్టు తోచింది. ముల్లు ఊగడం తగ్గింది, ఇంకా తగ్గింది, నిలిచింది.

"ఆగింది" అన్నాను, తల ఎత్తకుండా.

"సేటూ, జర నువ్వు సూసి చెప్పు. ఆగిందా?" అన్నాడు నాయిన.

తన షాపులో, తన లేత్ మీద, ముల్లు ఆగిందో లేదో ఆయన ఇంకొకర్ని అడగడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. సేటు లేచి వచ్చి చూసి "ఆగింది" అన్నాడు. నాయిన నవ్వి, చాయ్ చెప్పొస్తానని బయటికి వెళ్లాడు. గడప దగ్గర కాలితో తడిమి దిగడం అప్పుడు గమనించాను.

ఇంటికి వెళ్లి అమ్మను అడిగితే ఆమెకు అంతా తెలుసు. కంట్లో పొర కమ్ముతోందని, డాక్టరు దగ్గరికి పోదామంటే కోప్పడుతున్నాడని చెప్పింది. "బస్సు బోర్డు చదవడు. ఏ ఊరు బస్సని కండక్టర్‌నడుగుతడు" అంది. నేను వచ్చిపోతూనే ఉన్నాను. వచ్చినప్పుడల్లా ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఇంజన్లో చిన్న చప్పుడు మారితే గుర్తుపట్టేదాన్ని, ఇది గుర్తుపట్టలేదు.

వికారాబాద్ చేరాక మా ఆయన క్రాంకును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మామ చేతి పనంటే పనే" అన్నాడు సంబరంగా. బోరు కావాలన్న మనిషి, మనసు మార్చుకుని ఇంత మెచ్చుకుంటుంటే, నాయినకు చూపు లేదని ఎలా చెప్పను? మర్నాటి నుంచి షాపుకు వచ్చిన ప్రతివాడికీ "మా మామ కొట్టిన క్రాంక్" అని ఇంజను చూపించడం మొదలుపెట్టాడు. నేను స్పానర్లు సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయేదాన్ని.

పోటీ ఆదివారం పొద్దున. చేను చుట్టూ జనం. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటోలో వచ్చాడు. మా ఆయన ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కుర్చీ వేయించాడు. నేను వెనక నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడ్డాను.

మా బండి మలుపుల దగ్గర నేను అనుకున్న దానికంటే బాగా లేచింది. మిగతా బండ్లు మట్టిలో చక్రం తిప్పుకుంటూ ఉంటే మాది బరువు లాగే ఎద్దులా కదిలి బయటపడేది. కానీ గట్టు వెంట సాపు దారి వచ్చినప్పుడల్లా, బోరు పెంచిన బండి ఒకటి కీచుమంటూ వచ్చి మా ఆయన్ని దాటిపోయింది. మలుపుల్లో మేము అందుకోవడం, గట్టు మీద అది దాటిపోవడం. చివరి చుట్టులో కూడా అదే జరిగింది. ఆ బండి గెలిచింది, మాది రెండోది.

మా ఆయన దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో నవ్వుతూ దిగాడు. ఓడిన బాధ ఆయన మొహంలో వెతికినా లేదు. నేరుగా నాయిన దగ్గరికి వెళ్లి, ఆయన చెయ్యి పైకెత్తి, "గీ క్రాంక్ మా మామ కొట్టిండు!" అని అరిచాడు. పోటీ పెట్టిన వాళ్లు గెలిచినవాళ్ల కోసం తెచ్చిన శాలువాల్లో ఒకటి తీసి నాయినకు కప్పేశారు. ఎవరో మైకు చేతికిచ్చారు.

నాయిన ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో శాలువ తీసేశాడు.

"శాలువ నాకెందుకు? క్రాంక్ నా బిడ్డ కొట్టింది" అన్నాడు. "నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు. ఇప్పుడు బండ్లు గూడ నేను చప్పుడే విన్న, చూడలేదు. అల్లుడికి తెల్వక చెప్పిండు, ఏమనుకోకుండ్రి."

ఏం చేయాలో తోచక కాబోలు, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నన్ను వెతుక్కుంటూ వస్తున్నట్టు తలలన్నీ వెనక్కి తిరిగాయి. నేను డ్రమ్ము మూత తీసి, అవసరం లేకపోయినా నీళ్లు ముంచుకున్నాను. జనంలోంచి మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఆయన నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

తిరిగి వెళ్లేటప్పుడు ట్రాలీ ఆటోలో బండి పక్కన ఇద్దరమే కూర్చున్నాం.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"ఎట్ల చెప్పాలె?"

"అందరి ముందల ముసలాయనను నిలబెట్టి నిజం చెప్పిచ్చిన. గింత సిగ్గు నాకెన్నడు కాలే."

నేను బండికి కట్టిన తాడు మళ్లీ బిగించాను. చాలా దూరం వెళ్లాక, "రేపే పోయి మామను తీసుకొద్దాం. ఈడ దవాఖానల చూపిద్దాం" అన్నాడు.

ఆపరేషన్ వికారాబాద్‌లోనే అయింది. ముందు ఒక కన్నుకు. కూతురింట్లో ఉండి తినడానికి నాయిన మొహమాటపడ్డాడు. నల్లద్దాలు పెట్టుకుని పగలంతా మా షాపులో స్టూలు మీద కూర్చునేవాడు. వచ్చిన బండి ఆగకముందే దాని జబ్బు చెప్పేవాడు, సగం సార్లు తప్పు చెప్పేవాడు, తప్పయితే మా ఆయన కంటే గట్టిగా తనే నవ్వేవాడు.

ఆయన ఇంకా మా ఇంట్లో ఉండగానే పాలిష్ యూనిట్ సేటు నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మెషీన్ షాఫ్ట్ ఒకటి వంగింది. మీ నాయినకియ్యాలంటే ధైర్యం సాల్తలేదు. నువ్వు తాండూరు ఎప్పుడొస్తవో చెప్పు. ఆయన షాపుల లేనప్పుడు తెస్త."

నాయిన నాకు ఎదురుగానే, చాయ్ గ్లాసులో బిస్కెట్ ముంచుతూ కూర్చున్నాడు. ఫోన్‌లో మాట ఆయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు షాపులో పడిన సిగ్గు కంటే ఇది ఎక్కువ కాల్చింది, ఎందుకంటే సేటు నాయినను తక్కువ చేసి నన్ను మెచ్చుకుంటున్నాడు.

"ఆయన ఉన్నప్పుడే తెండి సేటూ. ఆయన లేకుంటే నేను ముట్ట" అని పెట్టేశాను.

కన్ను కుదుటపడ్డాక నాయినను తాండూరు తీసుకెళ్లాను. షటర్ ఎత్తి లోపలికి వెళ్లగానే ఆయన నిలబడిపోయాడు.

"ఏం గలీజ్ ఉన్నది నా షాపు! గింత గలీజ్‌ల ఎట్ల చేసిన పని?"

తర్వాత నా వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"నీకు గిన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చినయి బిడ్డా?"

"మస్తు రోజులాయె నాయినా."

ఇద్దరం కలిసి ఊడ్చాం. ఇనుప పొట్టు కుప్పలు కుప్పలుగా వచ్చింది. పని చేస్తుంటే ఎదురెదురుగా మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి, ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్న మాట అనేశాను.

"ఆ దినం వాళ్లందరి ముందల నేను అనకుంటే మంచిగుండేది. నిన్ను పక్కకు పిలిచి చెప్పేది ఉండె."

నాయిన చీపురు ఆపలేదు.

"అనకపోతే అల్లుడు కింద పడేటోడు."

"పక్కకు పిలిచి చెప్పినా పడకపోయేటోడు గద."

"పిలిస్తే నేను వస్తుంటినా? నిలవడ్డదనే కొట్లాడుతుంటి." చీపురు గోడకు ఆనించి నడుము పట్టుకున్నాడు. "నాకు మస్తు సిగ్గయింది, కాలేదనను. మైకుల చెప్పినంక మనసు జర అల్కగయింది. నీకింకా తగ్గలేదా?"

"లేదు."

"తగ్గుతది తియ్" అన్నాడు, అంత నమ్మకం లేని గొంతుతో. తర్వాత టిఫిన్ డబ్బా తెరిచి, అమ్మ ఏం పెట్టిందో కళ్లతో చూసి, రొట్టె తుంచి నాకిచ్చాడు.

సేటు షాఫ్ట్ ఆ వారమే వచ్చింది. నాయినే కొట్టాడు, మునుపటి కంటే నెమ్మదిగా, ఒక్కో దెబ్బకూ ఆగి చూసుకుంటూ. సరిగానే నిలిపాడు. ఆయన డబ్బా సర్దుకోవడానికి లోపలికి వెళ్లగానే సేటు నా దగ్గరికి జరిగి, "నువ్వొక్కపారి చూడమ్మా" అని గుసగుసగా అన్నాడు. ఆ సిగ్గే మళ్లీ కాల్చింది. నేను చూడలేదు. సంచి భుజానికి వేసుకుని, నాయినకు పోయొస్తానని కేకేసి, మొహం ఎవరికీ కనపడకుండా స్టేషన్ వైపు నడిచాను.